రెండు పెట్టెలు, ఒక రాయి

చీమకుర్తిలో రాత్రి పదకొండు దాటితే గానీ
పాట వినడానికి వీలుపడదు.
పాలిషింగు మిషన్లు నోళ్లు మూయాలి,
ఆఖరి టిప్పరు ఒంగోలు రోడ్డెక్కాలి,
బల్బు వెలుగు ఒక మాట మీద నిలబడాలి.

అప్పుడు తీశాను రెండు పెట్టెల్ని.
ఒకటి అగ్గిపెట్టెకు అన్న. కొరియర్లో వచ్చింది,
నాలుగు వేల రెండొందలు, రెండు వాయిదాలు.
రెండోది అరువు. కందుకూరు కంటి డాక్టరు కొడుకుది.
ఇటుకంత బరువు. ధర అడిగితే
నవ్వి, జాగ్రత్తగా తీసుకెళ్లమన్నాడు.
రెండూ చేసే పని ఒకటే:
ఒకట్లనీ సున్నాలనీ మింగి
ఊపిరి వదలడం.

కింద నల్ల గెలాక్సీ పలక వేశాను,
సన్నగీత ఉందని ఓడెక్కనివ్వని రాయి.
లోపల చుక్కలు మాత్రం
ఓడెక్కిన వాటిలో లాగే మెరుస్తాయి.

మా బావ మాలకొండయ్య గోడకానుకుని కూచున్నాడు.
ఇరవై రెండేళ్లు రంపం పక్కన నిలబడ్డ మనిషి.
రంపానికి నీళ్లు పోస్తారు, వేడెక్కకుండా.
చెవులకేం పోస్తారు?
పిచ్చుకలు పోయాయి ముందు.
కుక్కరు కూత సగం పోయింది.
అక్క గాజులు ఏ ఏడు పోయాయో ఆయనకే గుర్తు లేదు.
ఊరి చుట్టూ ఇన్ని రాళ్లు కోశాడు,
కీచురాయి ఒక్కటే చేతికి చిక్కలేదు.
"చెవిటోడి ముందు శంఖమేందబ్బాయ్" అన్నాడు,
అని, కాళ్లు బారజాపాడు.

మేనకోడలు ఝాన్సీ మా ఎదట దుప్పటి కట్టింది.
ఒకదాని ప్లగ్గు పీకడం, ఇంకోదానిది పెట్టడం,
లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో గుర్తేసుకోవడం.
పది సార్లు. పది సార్లూ అదే వేణువు,
అదే మృదంగం, అదే మూడు నిమిషాలు.

నేను కళ్లు మూసుకుని చెప్పాను:
ఇది పలచన, ఇది చిక్కన.
దీంట్లో వేణువు మనిషి దగ్గరికొచ్చి కూచున్నాడు,
దాంట్లో వీధరుగు మీదే ఆగాడు.
ఒకసారైతే తడి వెదురు వాసన కూడా వచ్చిందన్నాను.
ఝాన్సీ నవ్వు దుప్పట్లోంచి వినపడింది.

పదికి నాలుగు.
నాణేన్ని అడిగినా అయిదు చెప్పేది.

బావ మాత్రం దుప్పటి కిందనుంచి చెయ్యి చాపి
రాయి మీద అరచెయ్యి ఆనించాడు.
పాట మొదలవకముందే
"బరువుది" అన్నాడు. "అగ్గిపెట్టె." "అగ్గిపెట్టె." "బరువుది."
పదికి పది.

"ఎట్టా?" అన్నాను, పెదాలు కనపడేట్టు, గట్టిగా.
"అది గుర్రుమంటాంది గదరా లోపల" అన్నాడు.
"సన్నంగా, నిద్రపోయే కుక్క పొట్టలాగా.
రంపం పన్ను అరిగితే
ముందు నా చేతికే తెలిసేది,
తర్వాతే మేస్త్రీకి."

అంత ఖరీదు పెట్టెలో
పాట కాని దాన్ని పట్టుకున్నాడు బావ.
పాటలో లేని వెదురును పట్టుకున్నాను నేను.

ఝాన్సీకి రేపు స్లిప్ టెస్టు, పడుకుంది.
"ఇంకోసారి పెట్టు" అన్నాడు, "చిన్నదే పెట్టు."
పెట్టాను. చెయ్యి తీయలేదు.
మృదంగం ఎడమ మూత మోగినప్పుడల్లా
చూపుడువేలు కొంచెం లేచింది.
వేణువొక్కటే సాగిన చోట
ఆ వేలు ఆగి, ఎదురుచూసింది.
అక్కడ ఏముందో చెప్పబోయాను.
ఎట్టా చెప్పను, పెదాలతో?

పొద్దున బస్సులో బరువుదాన్ని ఒళ్లో పెట్టుకుని బయల్దేరాను.
సంతనూతలపాడు దాటేదాకా
దాని మీద అరచెయ్యి ఆనించి చూశాను.
ప్లగ్గు లేని పెట్టె, తెలుసు నాకు.
అయినా చూశాను.
బస్సు తప్ప ఏమీ తెలియలేదు.